జనం లేని కోట: 1947–48లో ఒంటరిగా నిలిచిన హైదరాబాదు, ఇందూరు–బోధన్ ప్రాంతం

(స్మారకోపన్యాసం)

1. ఒంటరితనం మొదలు

బ్రిటిషు పార్లమెంటు చేసిన 1947 భారత స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షను సంస్థానాల మీద బ్రిటిషు రాజుకున్న సార్వభౌమాధికారాన్ని ఒక్క వాక్యంతో రద్దు చేసింది. ఐదు వందల అరవైకి పైగా ఉన్న సంస్థానాల్లో దాదాపు అన్నీ ఆగస్టు 15లోగా పక్కనున్న దేశంలో చేరిపోయాయి. చేరకుండా మిగిలిన కొద్దిపాటి వాటిలో సంపదలోనూ జనాభాలోనూ అన్నిటికన్నా పెద్దది హైదరాబాదు. బ్రిటిషువారు వెళ్లిన మరుక్షణం తాను స్వతంత్ర ప్రభువునవుతానని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1947 జూన్‌లోనే ఫర్మానా జారీ చేశారు.

1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 సాయంత్రం దాకా, పదమూడు నెలల పాటు, 82 వేల చదరపు మైళ్ల పైచిలుకు నేల, కోటి అరవై లక్షలు దాటిన జనం ఏ దేశానికీ చెందని స్థితిలో ఉన్నారు. నాలుగు దిక్కులా భారత భూభాగమే. మద్రాసు రాష్ట్రం తూర్పున, దక్షిణాన, బొంబాయి పడమట, మధ్య పరగణాలు ఉత్తరాన. సముద్రం లేదు. గోవాలోని మర్మగోవా రేవు మీద హక్కు సంపాదించాలన్న ప్రయత్నం ఫలించలేదు. రోజూ దండయాత్ర మాట వినిపిస్తుండగా ఒక రాజ్యం ఒంటరిగా నిలబడాలని చేసిన ప్రయత్నం అది. ఆ ప్రయత్నం ఎందుకు విఫలమైందో తెలుసుకోవాలంటే రాజధాని దర్బారు కన్నా ఇందూరు, బోధన్ తాలూకాలు ఎక్కువ చెబుతాయి. ఆ రాజ్యపు బలమూ బలహీనతా రెండూ ఇక్కడే పక్కపక్కన కనిపిస్తాయి.

2. రాజ్యానికి ఉన్నవి

ఒక స్వతంత్ర దేశానికి ఉండే హంగులు హైదరాబాదుకు చాలావరకు ఉన్నాయి. సొంత నాణెం ఉంది. ఉస్మానియా సిక్కాను జనం హాలీ రూపాయి అనేవారు, బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. సొంత తపాలా ఉంది. సరిహద్దుల్లో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలున్నాయి. 1930లో కంపెనీ నుంచి ప్రభుత్వం తీసుకున్న రైల్వే ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. 1945లో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ ఉంది. మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ నాయకత్వంలో సుమారు 22 వేల బలగం ఉంది. వజ్రాలు, బంగారం సంగతి లోకమంతా ఎరిగినదే. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని నిజాంకు పేరు.

ఈ హంగులు మాటల్లో కాక నేల మీద కనిపించే చోటు ఇందూరు. సికింద్రాబాదు నుంచి మన్మాడ్ వెళ్లే మీటర్ గేజి రైలు మార్గం ఈ ఊరి మీదుగా పడింది. ఆ తర్వాతే, 1905లో, ఇందూరు నిజామాబాదైంది. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ చేతి పని. మెట్ట పంటల నేలకు కాలువ నీరు వచ్చింది. వరి వచ్చింది, చెరకు వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు కొందరు అక్కడి భూములమ్ముకుని వచ్చి ఇక్కడ ఆయకట్టులో పొలాలు కొన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లు ‘కాంపు’లయ్యాయి. ఆ పేర్లు బోధన్, వర్ని, కోటగిరి వైపు ఊళ్లకు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ చెరకు కోసమే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు కొమ్మ పడింది. కర్మాగారం చుట్టూ వెలసిన కాలనీ షక్కర్‌నగర్ అయింది. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లు అని ఒకప్పుడు దానికి పేరు. సర్కారు పెట్టుబడి, సర్కారు నీరు, సర్కారు రైలు కలిసి ఒక పల్లెపట్టును పారిశ్రామిక ప్రాంతంగా మార్చాయి. నిజాం పాలన గురించి మంచి చెప్పేవారు ఈ ఆయకట్టును చూపిస్తారు. అది న్యాయమే. ఆ నీరు, ఆ మిల్లు నిజమైనవి. వాటి మీద బతికిన కుటుంబాలు నిజమైనవి.

సంస్థానపు చివరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ కూడా ఈ పారిశ్రామిక లోకం నుంచి వచ్చినవారే. ఆయన ఇంజనీరు, బోధన్ చక్కెర కర్మాగారంతోనూ సిర్పూర్ కాగితపు మిల్లుతోనూ ముడిపడిన వ్యాపారి. 1947 నవంబరు చివర ఆయన పదవికి వచ్చేనాటికి రాజ్యాన్ని కూడా కర్మాగారం నడిపినట్టే నడపవచ్చన్న ధీమా పాలక వర్గంలో ఉంది. యంత్రాలున్నాయి, నిధులున్నాయి, బొగ్గుకు సింగరేణి ఉంది.

కాని చక్కెర మిల్లు ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే ఆ ధీమాలోని లోపం తెలుస్తుంది. కోసిన చెరకు ఆగదు. ఎండకు గడ ఆరి తూకం పడిపోతుంది, రసంలో తీపి తగ్గిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగ పడకపోతే రైతుకు కూలి డబ్బులు కూడా దక్కవు. అందువల్ల క్రషింగ్ సీజన్‌లో తెల్లవారుజామున కోత, మధ్యాహ్నానికి బండి కట్టడం, రాత్రికి కాటా దగ్గర వరుసలో ఎడ్లను విప్పడం ఒకదాని వెంట ఒకటి జరగాలి. ఆ వరుసలో ఏ ఊరి కోత కూలీలు కత్తి దించినా మిల్లు ఖాళీగా తిరుగుతుంది. చక్కెర నింపే గోనె సంచుల జనపనార బెంగాలు పంట. దీపానికి కిరోసిన్, లారీకి పెట్రోలు, కూలీ గంజిలోకి ఉప్పు, ఇవేవీ సంస్థానంలో పుట్టేవి కావు. లోపల జనం, వెలుపల ఇరుగుపొరుగు ఒప్పుకుంటేనే ఆ పొగగొట్టం పొగలు కక్కుతుంది. రాజ్యం సంగతీ అంతే.

3. గోడకు లోపల

రాజ్యంలో అయిదింట నాలుగు వంతుల కన్నా ఎక్కువ మంది హిందువులు. సగానికి దగ్గరగా తెలుగువారు. ఆ తర్వాత మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవారు. పాలన, కోర్టు, పై చదువు ఉర్దూలో. భూమిలో మూడో వంతుకు దగ్గరగా జాగీర్ల కింద, మరికొంత నిజాం సొంత ఖర్చుల కోసమున్న సర్ఫెఖాస్ కింద ఉండేది. జాగీరు ఊళ్లలో సర్కారు చట్టం కన్నా దొర మాటే పెద్దది. మాదిగ, చాకలి, కుమ్మరి, ఎవరి వంతు వెట్టి వారిది. గష్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వల్ల ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టడానికి లేదు. సాహిత్య సభకైనా, గ్రంథాలయ వార్షికోత్సవానికైనా అధికారి గుమ్మం ఎక్కాల్సిందే.

ఈ కట్టడిలోనే నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ పుట్టింది. దాని ఆరో సమావేశం 1937లో నిజామాబాదులోనే జరిగింది. అధ్యక్షుడు మందుముల నర్సింగరావు. ఆయన నడిపిన పత్రిక ‘రయ్యత్’ ఉర్దూ దినపత్రిక. తెలుగు సభకు అధ్యక్షుడైన వ్యక్తి పాలకుల భాషలోనే రైతు పేరున పత్రిక నడిపారు. పోరాటం భాష మీద కాదు, మనిషిని మనిషిగా చూడని పాలన మీద అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర లేదు. నిజామాబాదులో ఆ సభ జరిగిన ఏడే బోధన్ కర్మాగారమూ వెలిసింది. ఒకే జిల్లాలో, ఒకే ఏడాదిలో సర్కారు తన సంపదను చూపించింది, జనం తమ కోరికను చెప్పారు. మొదటిదాన్ని ప్రపంచానికి చాటుకున్న సర్కారు రెండోదాన్ని వినిపించుకోలేదు.

1938లో స్టేట్ కాంగ్రెసు పుట్టకముందే నిషేధానికి గురైంది. ఆ ఏడూ మరుసటి ఏడూ ఆర్యసమాజం, కాంగ్రెసు సత్యాగ్రహాలు చేశాయి. ఉస్మానియాలో విద్యార్థులు వందేమాతరం పాడి బహిష్కృతులయ్యారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో రైతు తిరుగుబాటు సాయుధ రూపం దాల్చింది. ఇందూరు ప్రాంతం ఆ పోరాటానికి కేంద్రం కాదు. ఇక్కడ కాంగ్రెసు, ఆర్యసమాజం, గ్రంథాలయోద్యమం ముందున్నాయి. అయితే మంజీర, గోదావరి అవతలి నాందేడ్ వైపు సరిహద్దు శిబిరాల పోరాటం ఈ తాలూకాలను ఆనుకునే సాగింది. నిజామాబాదు నుంచి నాందేడ్ వెళ్లే రైలు దారిలోని ఉమ్రీలో 1948 జనవరి 30న కాంగ్రెసు పోరాటకారులు బ్యాంకును కొల్లగొట్టి ఆ సొమ్మును ఉద్యమానికి మళ్లించారు. గాంధీజీ హత్య జరిగిన రోజు అది.

1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెసు ‘భారత్‌లో చేరాలి’ ఉద్యమం మొదలుపెట్టింది. నాయకుడు స్వామి రామానంద తీర్థ అరెస్టయ్యారు. జైళ్లు నిండాయి. ఇందూరు ఖిల్లాలోని జైలుకు వచ్చినవారిలో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఖైదీలకు కాగితం, కలం ఇవ్వరు. పళ్లు తోముకోవడానికి బొగ్గు ఇస్తారు. దాశరథి ఆ బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. జైలు సిబ్బంది చెరిపించారు. ఆయన మళ్లీ రాశారు. పక్కనున్న ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసుకున్నారు. తెలంగాణను కోటి రతనాల వీణగా పిలిచిన పద్యం అలా నిలిచి, 1949లో అచ్చయిన ‘అగ్నిధార’తో ఊరూరా చేరింది. ఆళ్వారుస్వామి తన జైలు అనుభవాలను తర్వాత ‘జైలు లోపల’ కథలుగా రాశారు.

పళ్లు తోముకునే బొగ్గు ముక్కకు భయపడి గోడలు కడిగించే రాజ్యం లోపల్నుంచి ఎంత బోలుగా ఉందో ఊహించవచ్చు. బయటి నుంచి దండు రాకముందే ఆ కోట లోపలి మనుషులు కోటకు పరాయివారయ్యారు.

4. యథాతథ ఒప్పందం, దిగ్బంధం

భారత ప్రభుత్వం, నిజాం 1947 నవంబరు 29న ఏడాదిపాటు ఉన్న స్థితిని కొనసాగించే యథాతథ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అంతకు ముందు నెలలోనే ఆ సంతకం అయిపోవాల్సింది. అక్టోబరు 27 తెల్లవారుజామున ఢిల్లీ బయలుదేరబోతున్న చర్చల బృందం ఇళ్లను ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీ కార్యకర్తలు చుట్టుముట్టి అడ్డుకున్నారు. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు పదవి వదులుకున్నారు. నిజాంకు రాజ్యాంగ సలహాదారైన ఇంగ్లీషు న్యాయవాది వాల్టర్ మాంక్టన్ ఉన్న బృందం పోయి కొత్త బృందం వచ్చింది. ఒంటరిగా నిలవాలనుకునే రాజ్యానికి అన్నిటికన్నా ముఖ్యమైన స్వేచ్ఛ తన రాయబారులను తాను పంపుకోవడం. ఆ స్వేచ్ఛను బయటి శక్తి ఏదీ లాక్కోలేదు. సొంత వీథిలోని గుంపు లాక్కుంది.

ఒప్పందం తర్వాత నమ్మకం పెరగలేదు, తరిగింది. నిజాం ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయలు అప్పిచ్చింది. కల్దారు చెలామణిని కట్టడి చేసింది. విలువైన లోహాలు బయటికి పోకుండా ఆపింది. ఆస్ట్రేలియా విమాన చోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రివేళ బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశాడు. ఇటు భారత ప్రభుత్వం సరుకుల రాకను అడ్డుకుంది. ఉప్పు, పెట్రోలు, మందులు, నీటిని శుద్ధి చేసే క్లోరిన్ దొరకడం లేదని నిజాం ప్రభుత్వం ఫిర్యాదు చేసింది. భారత ప్రభుత్వం తన వాదనను శ్వేతపత్రంగా ప్రకటించింది. కె.ఎం. మున్షీ భారత ఏజెంటు జనరల్‌గా బొల్లారంలో ఉన్నారు. ఆయనకూ లాయక్ అలీకీ మధ్య ఒకరి మాట మీద మరొకరికి గురి లేదు.

దిగ్బంధం దెబ్బ రాజులకు కాదు, సామాన్యులకు తగులుతుంది. బోధన్ కాంపుల్లోని కుటుంబాలకు అది రెండు వైపులా తగిలింది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు కృష్ణా తీరంలో మద్రాసు రాష్ట్రంలో. చెరకు, అప్పు, పిల్లలు నిజాంసాగర్ కాలువ మీద. బిలోలి, దెగ్లూరు వైపు వియ్యాలందుకున్న మరాఠీ, తెలుగు కుటుంబాలు మంజీర దాటి రావడమే గండమైన రోజులవి.

1948 జూన్‌లో చివరి అవకాశం వచ్చింది. జనాభిప్రాయ సేకరణకు, బాధ్యతాయుత ప్రభుత్వానికి దారి చూపే ముసాయిదాను మౌంట్‌బాటెన్ సిద్ధం చేశారు. నిజాం అంగీకరించలేదు. జూన్ 21న మౌంట్‌బాటెన్ దేశం విడిచి వెళ్లారు. దానితో మధ్యవర్తి కూడా లేకుండా పోయాడు.

5. ఒంటరిగా నిలిచిన ఇతర దేశాలు

అప్పటికి ఎనిమిదేళ్ల క్రితమే ప్రపంచం ఇలాంటి దృశ్యాలను చూసింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోయాక జర్మను దండయాత్ర భయంతో బ్రిటన్ ఒంటరిగా నిలిచింది. ఆ ఆకాశ యుద్ధంలో హైదరాబాదు పేరు కూడా ఉంది. నిజాం ఇచ్చిన కానుకలకు గుర్తుగా బ్రిటిషు వైమానిక దళంలో 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు అని, 253వ దానికి హైదరాబాదు స్టేట్ అని పేర్లు పెట్టారు. 152వ స్క్వాడ్రను స్పిట్‌ఫైర్ విమానాలు ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరాయి. దాని చిహ్నం నిజాం తలపాగా. దాని నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’, 1918లో బ్రిటిషువారు నిజాంకు ఇచ్చిన బిరుదు. దక్కన్ రైతు కట్టిన శిస్తులో ఒక పాలు ఇంగ్లిష్ ఛానల్ మీద కాపలా కాసిందన్న మాట. 1948లో ఆ మిత్రుడికి లండను నుంచి వచ్చింది ప్రతిపక్ష నేత చర్చిల్ కామన్స్ సభలో చేసిన ప్రసంగం మాత్రమే. విమానం రాలేదు, ఓడ రాలేదు.

అయితే బ్రిటన్ నిలబడింది ఒక్క విమానాలతో కాదు. చుట్టూ సముద్రం ఉంది. వెనుక సామ్రాజ్యం, అందులో లక్షలాది భారతీయ సైనికులు ఉన్నారు. అంతకు మించి లోపల జనం ఉన్నారు. 1940 మే 14న స్థానిక రక్షణ దళానికి రమ్మని రేడియోలో పిలుపిస్తే జూలై చివరికి పదిహేను లక్షల మంది దాకా పేర్లిచ్చారు. రైతు, గని కార్మికుడు, బడిపంతులు తమ ఊరి వంతెన దగ్గర తామే కాపలా నిలిచారు.

ఫిన్లండు ఉదాహరణ మరింత దగ్గరిది. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు సరిహద్దు దాటినప్పుడు ఆ చిన్న దేశం 105 రోజులు ఒంటరిగా పోరాడింది. అంతకు ఇరవై ఏళ్ల క్రితమే, 1918లో, ఆ దేశం ఎర్రవారు, తెల్లవారుగా చీలి అంతర్యుద్ధంలో రక్తం చిందించుకుంది. ఆ గాయం మానడానికి ఒక కారణం భూమి. 1918 నుంచి 1922 దాకా చేసిన చట్టాలు కౌలుదార్లకు, భూమి లేనివారికి సొంత చేలు ఇచ్చాయి. ఆ చేలో పండించుకున్నవాడే 1939లో మంచులో తుపాకి పట్టాడు. ఫిన్లండు చివరికి కొంత నేల కోల్పోయింది. దేశంగా మాత్రం మిగిలింది.

హైదరాబాదులో కాపలా పేరుతో వచ్చింది రజాకార్ దళం. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో అది తన ఊళ్లనే శత్రువుగా చూసింది. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లి జనాన్ని వరుసలో నిలబెట్టి కాల్చిన తుపాకులు భారత సైన్యానివి కావు. ఆ ఊరు రక్షించుకోవడానికి కట్టుకున్న బురుజు రజాకార్ల నుంచి కాచుకోవడానికే. ఒంటరిగా నిలబడాల్సిన రాజ్యం తన ఊరి బురుజు మీద దాడి చేసింది. జాగీర్ల రద్దు నిజాం పాలనలో జరగలేదు. ఆ పాలన పోయాక 1949లో జరిగింది.

ముస్లింలంతా రజాకార్ల పక్షమనడం చరిత్రకు ద్రోహం. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను రద్దు చేయాలని, భారత్‌లో చేరాలని బహిరంగ ప్రకటన చేశారు. మందుముల నర్సింగరావు ‘రయ్యత్’లో పనిచేసి, ఆ పత్రిక మూతపడ్డాక ‘ఇమ్రోజ్’ స్థాపించిన షోయబుల్లా ఖాన్ అదే మాట రోజూ రాశారు. ఆగస్టు 21 రాత్రి హైదరాబాదు వీథిలో ఆయన్ని కాల్చి, చెయ్యి నరికి చంపారు. సరిగ్గా ఆగస్టు 21 తేదీతోనే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి తంతి పంపింది: తమ మీద దండయాత్ర ముప్పు పొంచి ఉందని, ప్రపంచం కాపాడాలని. ఒక చేత్తో లోకాన్ని రక్షణ అడుగుతున్న రాజ్యంలో, రక్షణ అడిగిన సొంత పౌరుడికి ఆ రాత్రి దిక్కు లేదు. ఆ సంస్థానపు ఒంటరితనమంతా ఆ ఒక్క తేదీలో ఉంది.

6. అయిదు రోజులు

1948 సెప్టెంబరు 11న జిన్నా మరణించారు. 13 తెల్లవారుజామున భారత సైన్యం ఆపరేషన్ పోలో మొదలుపెట్టింది. జనం దాన్ని యూనియన్ మిలిటరీ రాక అన్నారు, ప్రభుత్వం పోలీసు చర్య అంది. పడమట షోలాపూరు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి దళం ప్రధానమైనది. తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర దళం కదిలింది. తొలిరోజే నల్‌దుర్గ్ చేజారింది. 15న ఔరంగాబాదు పోయింది. బెజవాడ రోడ్డు మీద వెనక్కి తగ్గుతున్న నిజాం సేన సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చింది. దానితో ఆ దళం ఆలస్యమైందే కాని ఆగలేదు. 17 నాటికి బీదరు కూడా పోయింది.

భద్రతా మండలి పారిస్‌లో హైదరాబాదు ఫిర్యాదును 16న చేపట్టింది. అప్పటికి యుద్ధం నాలుగో రోజు. 17 ఉదయం లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న ఎద్రూస్ చౌధురికి లొంగిపోయారు. 22న నిజాం తన ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు. 1687లో ఔరంగజేబు ముట్టడికి ఎనిమిది నెలలు తట్టుకున్న గోల్కొండ నేల మీద, తోపులు, విమానాశ్రయాలు, రైళ్లు ఉన్న రాజ్యం నూరు గంటల పైచిలుకు మాత్రమే నిలిచింది.

ఇందూరు ఆ ప్రధాన దారుల మీద లేదు. సెప్టెంబరు నెల కాబట్టి బోధన్ తోటల్లో చెరకు మనిషి ఎత్తు దాటి నిలబడి ఉంది. కోతకు ఇంకా రెండు నెలలుంది. రాజ్యం మారింది, తోట మారలేదు. ఆ సీజన్‌కు కావలసిన గోనె, కిరోసిన్, ఉప్పు దారులు తెరుచుకున్నాయి. జైలు తలుపులు తెరుచుకున్నాయి.

7. తర్వాతి లెక్క

విజయం తర్వాత జరిగినది చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో తిరిగింది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని ఆ బృందం అంచనా వేసింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడ్ జిల్లాలు. చివరి రెండూ బోధన్, బాన్సువాడ తాలూకాలను ఆనుకుని ఉన్నవే. కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలిసే చోట నిలబడితే అవతలి ఒడ్డు నాందేడ్ జిల్లా.

రజాకార్లు చేసిన నేరాలకు రజాకార్లు కాని ముస్లిం పల్లె కుటుంబాలు మూల్యం చెల్లించాయి. కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ ఆ హింసలో పాలుపంచుకున్నారని ఆ నివేదిక చెప్పింది. పొరుగు హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన ఘటనలనూ చెప్పింది. నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఒక పాలన అన్యాయమైనదైతే దాన్ని కూల్చడం న్యాయం. ఆ పాలకుల మతంవాడైనందుకే పల్లెటూరి పేదను చంపడం మాత్రం ఏ న్యాయానికీ లొంగని నేరం. నిజాం 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్ అయ్యారు. గోడ బయట ఉన్నవాళ్లు, లోపల ఉన్నవాళ్లు ఇద్దరూ నష్టపోయాక కూడా గోడ కట్టినవారికి గౌరవ స్థానం దక్కింది.

8. తీర్పు

ఒంటరిగా నిలవడం దానికదే గొప్ప కాదు, తప్పూ కాదు. గోడకు లోపల ఎవరున్నారన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో గోడ లోపల జనం ఉన్నారు. ఫిన్లండులో నిన్నటి కౌలుదారు నేటి భూయజమానిగా ఉన్నాడు. హైదరాబాదులో గోడ లోపల నీళ్లున్నాయి, మిల్లుంది, రైలుంది, బంగారముంది. ఓటు లేదు, సభ లేదు, పత్రిక నిలవలేదు, పల్లె రైతుకు తన ఊరి బురుజే దిక్కయింది. నిజాంసాగర్ కట్టగలిగిన రాజ్యం గష్తీ నిషాన్ 53ను ఎత్తేసి ఉంటే, 1937 నిజామాబాదు సభ మాట విని ఉంటే, భారత్‌లో చేరినా చేరకపోయినా అది గౌరవంగా నిర్ణయించుకోగల రాజ్యమై ఉండేది. ఆ అవకాశాన్ని ఢిల్లీ లాక్కోలేదు; రాజ్యమే పదేళ్ల ముందే వదులుకుంది.

నిజాం కట్టిన ఆ చక్కెర మిల్లు తెలంగాణ ఏర్పడ్డాక 2015 డిసెంబరులో మూతపడింది. జనం సంపద మీద నిర్ణయాలు జనాన్ని అడగకుండా జరిగితే ఏమవుతుందో బోధన్ రైతు రెండు జమానాల్లోనూ చూశాడు.

ఇందూరు జిల్లా చరిత్ర చెప్పే ప్రతి పాఠ్యపుస్తకంలో రెండు పుటలు పక్కపక్కనే ఉండాలి: ఖిల్లా జైలు గోడ మీది బొగ్గు రాత ఒకటి, మంజీర అవతలి ఊళ్ల గురించి సుందర్‌లాల్ బృందం రాసిన నివేదిక మరొకటి. మొదటిది లేకపోతే ఆ పోరాటం ఎందుకో పిల్లలకు తెలియదు. రెండోది లేకపోతే ఆ గెలుపు ఖరీదు తెలియదు. రెంటిలో ఏ ఒక్కటి చించేసినా మిగిలిన పుట అబద్ధమవుతుంది.